రాజధాని ఉత్తర ద్వారానికి మెట్రో: జేబీఎస్–శామీర్‌పేట, జేబీఎస్–మేడ్చల్ మార్గాలతో కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు గల సంబంధం

(ప్రత్యేక వ్యాసం)

కరీంనగర్/ఆదిలాబాద్: ఉత్తర తెలంగాణ జిల్లాల నుండి బస్సులలో రాజధానికి వచ్చే ప్రయాణికులకు సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) ప్రధాన ద్వారం. కరీంనగర్ నుండి సుమారు 160 కిలోమీటర్లు, ఆదిలాబాద్ నుండి సుమారు 300 కిలోమీటర్లు ప్రయాణించి వచ్చే బస్సులు శామీర్‌పేట వరకు, మేడ్చల్ వరకు విశాలమైన రహదారులపై నిరాటంకంగా సాగుతాయి. అక్కడి నుండి జేబీఎస్ చేరుకునే చివరి అంచెలో మాత్రం రద్దీ కారణంగా ప్రయాణ సమయం ముందుగా అంచనా వేయలేని స్థితి నెలకొంటున్నది. వైద్యం, ఉన్నత విద్య, ఉద్యోగ పరీక్షలు, న్యాయస్థానం పనుల నిమిత్తం వేళకు చేరవలసిన వారికి ఈ చివరి అంచెయే కీలకం.

హైదరాబాద్ మెట్రో రైలు రెండో దశ ‘బి’ విభాగం కింద ప్రతిపాదించిన మూడు మార్గాలలో రెండు సరిగ్గా ఈ చివరి అంచెకు సంబంధించినవే. జేబీఎస్–శామీర్‌పేట మార్గం కరీంనగర్ వైపు వెళ్ళే రాజీవ్ రహదారి వెంబడి, జేబీఎస్–మేడ్చల్ మార్గం ఆదిలాబాద్ వైపు వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి వెంబడి సాగుతాయి. నగర శివారు ప్రాంతాల అవసరాల కోసం రూపొందిన ఈ ప్రతిపాదనలు ఉత్తర జిల్లాల ప్రయాణికులకు ఏ మేరకు ఉపకరిస్తాయన్నది రైలు మార్గం పొడవు కంటే, బస్సు, మెట్రో, ఎంఎంటీఎస్ కలిసే చోట్ల చేసే ఏర్పాట్లపైనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. పత్రికా ప్రతినిధులు, అధికారుల సౌకర్యార్థం ఈ ప్రతిపాదనల పూర్వాపరాలను ఈ దిగువన పొందుపరచడమైనది.

రెండు రహదారులు – ఒకే ద్వారం

రాజీవ్ రహదారి సికింద్రాబాద్ నుండి శామీర్‌పేట, ప్రజ్ఞాపూర్, సిద్ధిపేట, కరీంనగర్, పెద్దపల్లి మీదుగా రామగుండం చేరుతుంది. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా తూర్పు భాగమైన మంచిర్యాల, బెల్లంపల్లి ప్రాంతాల బస్సులు కూడా గోదావరిఖని మీదుగా ఈ రహదారినే ఆశ్రయిస్తాయి. గతంలో 7వ నంబరుగా వ్యవహరించిన 44వ నంబరు జాతీయ రహదారి ఆదిలాబాద్, నిర్మల్, ఆర్మూర్, కామారెడ్డి, తూప్రాన్, మేడ్చల్ మీదుగా నగరంలో ప్రవేశిస్తుంది. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో పూర్వపు ఆదిలాబాద్ జిల్లా ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా ఏర్పడింది. కరీంనగర్ జిల్లా నుండి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. జిల్లాలు పెరిగినా రాజధానికి దారులు మాత్రం ఈ రెండే ప్రధానమైనవి.

ఈ రెండు దారుల వెంబడి నగరం వేగంగా విస్తరించింది. కొంపల్లి, గుండ్లపోచంపల్లి, మేడ్చల్, తూంకుంట ఒకప్పుడు గ్రామ పంచాయతీలు. తరువాత పురపాలక సంఘాలు అయ్యాయి. 2025 డిసెంబరులో హైదరాబాద్ మహానగర పాలక సంస్థలో విలీనమైన 27 పట్టణ స్థానిక సంస్థలలో ఈ నాలుగూ ఉన్నాయి. శివారు నివాసుల దైనందిన రాకపోకలు, జిల్లాల నుండి వచ్చే దూర ప్రయాణం ఒకే రోడ్డు మీద కలవడమే ప్రస్తుత రద్దీకి ముఖ్య కారణం.

కంటోన్మెంటు ప్రాంతం – రక్షణ శాఖ భూములు

రోడ్డు విస్తరణ ద్వారా ఈ సమస్యను పరిష్కరించడానికి చాలాకాలం వీలు కలగలేదు. రెండు రహదారులూ సికింద్రాబాద్ కంటోన్మెంటు గుండా వెళ్తాయి. అక్కడ రోడ్డుకు ఇరువైపులా ఉన్న భూములలో అధికభాగం రక్షణ శాఖకు చెందినవి. వాటిని వినియోగించుకోవడానికి కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. 2024 మార్చి ప్రారంభంలో రక్షణ మంత్రిత్వ శాఖ ఇందుకు సమ్మతి తెలిపింది. అనంతరం 2024 మార్చి 7న రాజీవ్ రహదారిపై శామీర్‌పేట వరకు రూ. 2,232 కోట్ల అంచనాతో, మార్చి 9న జాతీయ రహదారిపై ప్యారడైజ్ కూడలి నుండి డెయిరీ ఫామ్ రోడ్డు వరకు 5.32 కిలోమీటర్ల మేర రూ. 1,580 కోట్ల అంచనాతో ఎత్తయిన రహదారి మార్గాలకు ముఖ్యమంత్రి శ్రీ ఎ.రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు.

ఈ రహదారి వంతెనలు, మెట్రో మార్గం ఒకే ఇరుకైన స్థలాన్ని పంచుకోవలసి ఉన్నది. ముందుగా ఒకటి నిర్మించి, పిదప రెండవ దానికోసం మళ్ళీ తవ్వవలసి వస్తే వ్యయం పెరగడమే కాక, సంవత్సరాల తరబడి ప్రజలకు ఇబ్బంది కలుగుతుంది. కనుక రెండింటి నిర్మాణాన్ని సమన్వయంతో చేపట్టడం ఈ ప్రణాళికలో అత్యంత ముఖ్యమైన సాంకేతికాంశం.

ప్రతిపాదిత మార్గాల స్వరూపం

ఈ రెండు మార్గాలకు సమగ్ర ప్రాజెక్టు నివేదికలు సిద్ధం చేయవలసిందిగా 2025 జనవరిలో ముఖ్యమంత్రి ఆదేశించారు.

జేబీఎస్–శామీర్‌పేట మార్గం 22 కిలోమీటర్లు. విక్రంపురి, కార్ఖానా, తిరుమలగిరి, లోతుకుంట, అల్వాల్, బొల్లారం, హకీంపేట, తూంకుంట మీదుగా ఔటర్ రింగ్ రోడ్డు దాటి శామీర్‌పేట చేరుతుంది. హకీంపేటలో వైమానిక దళ స్థావరం ఉన్నందున దాని సమీపంలో ఎత్తయిన కట్టడాలకు ఆంక్షలు వర్తిస్తాయి. అందుచేత ఆ భాగంలో సుమారు 1.65 కిలోమీటర్ల మేర భూగర్భ మార్గాన్ని ప్రతిపాదించారు. మిగిలిన మార్గం స్తంభాలపై సాగుతుంది.

జేబీఎస్–మేడ్చల్ మార్గం 24.5 కిలోమీటర్లు. తాడ్‌బండ్, బోయిన్‌పల్లి, సుచిత్ర కూడలి, కొంపల్లి, గుండ్లపోచంపల్లి, కండ్లకోయ మీదుగా మేడ్చల్ చేరే ఈ మార్గం స్తంభాలపైనే సాగుతుంది.

రెండు మార్గాలూ జేబీఎస్ వద్దనే ప్రారంభం కావాలని, అక్కడి ప్రభుత్వ భూమిలో సమీకృత రవాణా కేంద్రాన్ని అభివృద్ధి పరచాలని ప్రతిపాదించడం జిల్లాల దృష్ట్యా విశేషంగా పేర్కొనదగినది. జేబీఎస్‌ను ఆనుకొని ఉన్న పరేడ్ గ్రౌండ్స్ వద్ద ఇప్పటికే రెండు మెట్రో మార్గాలు కలుస్తున్నాయి. ఒకటి జేబీఎస్ నుండి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) వరకు, మరొకటి నాగోల్ నుండి అమీర్‌పేట మీదుగా హైటెక్ సిటీ, రాయదుర్గం వరకు వెళ్తాయి. కొత్త మార్గాలు నిర్మాణమైనచో ఉత్తర జిల్లాల ప్రయాణికుడు శామీర్‌పేటలో లేదా మేడ్చల్‌లో బస్సు దిగి, నగరంలో ఏ దిక్కుకైనా మెట్రోలోనే చేరుకునే అవకాశం కలుగుతుంది.

వ్యయం – నిధుల సమీకరణ

రెండో దశ ‘బి’ విభాగం మొత్తం పొడవు 86.1 కిలోమీటర్లు, అంచనా వ్యయం రూ. 19,579 కోట్లు. ఇందులో జేబీఎస్–మేడ్చల్ మార్గానికి రూ. 6,946 కోట్లు, జేబీఎస్–శామీర్‌పేట మార్గానికి రూ. 5,465 కోట్లు, శంషాబాద్ విమానాశ్రయం నుండి భారత్ ఫ్యూచర్ సిటీ వరకు 39.6 కిలోమీటర్ల మార్గానికి రూ. 7,168 కోట్లు అవసరమవుతాయని అంచనా. ఉత్తర దిశలోని రెండు మార్గాలు కలిపి 46.5 కిలోమీటర్లు, రూ. 12,411 కోట్లు. అనగా కిలోమీటరుకు సగటున సుమారు రూ. 267 కోట్లు. ఫ్యూచర్ సిటీ మార్గంలో కొంత భాగం నేలమీదనే సాగుతున్నందున అక్కడ ఈ సగటు సుమారు రూ. 181 కోట్లు మాత్రమే.

నిధులలో రాష్ట్ర ప్రభుత్వ వాటా 30 శాతం (రూ. 5,874 కోట్లు), కేంద్ర ప్రభుత్వ వాటా 18 శాతం (రూ. 3,524 కోట్లు), రుణం 48 శాతం (రూ. 9,398 కోట్లు), ప్రైవేటు భాగస్వామ్యం 4 శాతం (రూ. 783 కోట్లు)గా ప్రతిపాదించారు. నివేదికలను రాష్ట్ర ప్రభుత్వం 2025 జూన్‌లో కేంద్రానికి సమర్పించింది. అంతకుముందు 76.4 కిలోమీటర్ల రెండో దశ ‘ఎ’ విభాగాన్ని రూ. 24,269 కోట్ల అంచనాతో 2024 అక్టోబరు 26న రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించి, కేంద్రానికి పంపింది.

ఇక్కడ ఒక విషయం గమనించవలసి ఉన్నది. రాష్ట్ర మంత్రివర్గ ఆమోదం అంటే నిర్మాణానికి తుది అనుమతి కాదు. ప్రతిపాదనలు కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పరిశీలన, ప్రభుత్వ పెట్టుబడుల మండలి సిఫారసు దాటి కేంద్ర మంత్రివర్గ ఆమోదం పొందవలసి ఉంటుంది. అంతర్జాతీయ ఆర్థిక సంస్థల రుణాలకు కేంద్రం హామీ కూడా ఈ ప్రక్రియ పైనే ఆధారపడి ఉంటుంది.

మొదటి దశ అనుభవాలు

హైదరాబాద్ మెట్రో మొదటి దశ కొత్త ప్రతిపాదనలకు ఉపయోగకరమైన పాఠాలు నేర్పుతుంది. 2008లో ఖరారైన తొలి టెండరు 2009లో రద్దయింది. 2010 సెప్టెంబరు 4న ఎల్ అండ్ టీ సంస్థతో కొత్త ఒప్పందం కుదిరింది. నాగోల్–అమీర్‌పేట–మియాపూర్ మధ్య తొలి 30 కిలోమీటర్ల మార్గాన్ని 2017 నవంబరు 28న ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ ప్రారంభించారు. అమీర్‌పేట–ఎల్.బి.నగర్ మార్గం 2018 సెప్టెంబరు 24న, హైటెక్ సిటీ వరకు 2019 మార్చి 20న, జేబీఎస్–ఎంజీబీఎస్ మార్గం 2020 ఫిబ్రవరి 7న ప్రజలకు అందుబాటులోకి వచ్చాయి. దీంతో సుమారు 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లతో మొదటి దశ పనిచేయసాగింది.

అయితే ఎంజీబీఎస్ నుండి ఫలక్‌నుమా వరకు 5.5 కిలోమీటర్ల పాతబస్తీ భాగం మాత్రం మిగిలిపోయింది. ఆస్తుల సేకరణ, మార్గంలోని ప్రార్థనా స్థలాల పరిరక్షణ ఇందుకు ప్రధాన కారణాలు. ఈ భాగానికి 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది. ఆస్తులు కోల్పోయే వారికి చదరపు గజానికి రూ. 81,000 చొప్పున పరిహారం నిర్ణయించి, 2025 జనవరిలో చెక్కుల పంపిణీ ప్రారంభించారు. ఒక మార్గంలో చిన్న భాగం ఆగిపోయినా, దాని ప్రయోజనం ఎంతగా తగ్గిపోతుందో ఈ ఉదాహరణ తెలుపుతుంది. ఫలక్‌నుమా వద్ద ఎంఎంటీఎస్‌తో కలవవలసిన మెట్రో ఎంజీబీఎస్ వద్దనే నిలిచిపోయింది. ఉత్తర మార్గాలలో కంటోన్మెంటు, హకీంపేట భాగాలు ఇదే విధమైన కీలక స్థానాలు.

మరొక అంశం యాజమాన్యానికి సంబంధించినది. మొదటి దశ ప్రైవేటు సంస్థ నిర్వహణలో ఉండగా, రెండో దశను కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల సంయుక్త సంస్థ ద్వారా చేపట్టాలని ప్రతిపాదించారు. రెండు దశల రైళ్ళు, టిక్కెట్లు, ఆదాయం ఏ విధంగా అనుసంధానమవుతాయన్న ప్రశ్న అనుమతుల సందర్భంలో ఉత్పన్నమైంది. ఈ నేపథ్యంలో సుమారు రూ. 13,000 కోట్ల రుణభారాన్ని స్వీకరించి, వాటా కింద సుమారు రూ. 2,000 కోట్లు చెల్లించి మొదటి దశను రాష్ట్ర ప్రభుత్వం తీసుకునేందుకు 2025 సెప్టెంబరులో సూత్రప్రాయ అంగీకారం కుదిరింది.

ఎంఎంటీఎస్ – కొత్త రైలు మార్గాలు

మెట్రోకు, ఎంఎంటీఎస్‌కు గల వ్యత్యాసాన్ని గుర్తించడం అవసరం. మెట్రో ప్రత్యేక మార్గంపై స్టాండర్డ్ గేజీలో నడుస్తుంది. ఎంఎంటీఎస్ రైళ్ళు దక్షిణ మధ్య రైల్వే బ్రాడ్ గేజీ మార్గాలపై, దూర ప్రాంత రైళ్ళతో పాటు నడుస్తాయి. అందువల్ల ఒకదాని రైళ్ళు మరొకదాని పట్టాలపై నడవజాలవు. ప్రయాణికులు మారే చోటు సౌకర్యంగా ఉండడమే మార్గాంతరం.

2003 ఆగస్టు 9న ప్రారంభమైన ఎంఎంటీఎస్‌కు రెండో దశ 2012-13లో మంజూరైంది. వ్యయంలో మూడింట రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే శాఖ భరించే పద్ధతిపై చేపట్టిన ఈ దశలో సికింద్రాబాద్–మేడ్చల్ సర్వీసులు 2023 ఏప్రిల్ 8న మొదలయ్యాయి. అంటే మంజూరు నుండి ప్రయాణికుడికి అందేవరకు పదేళ్ళకు పైగా పట్టింది. అల్వాల్, బొల్లారం, గుండ్లపోచంపల్లి, మేడ్చల్ ప్రాంతాలకు ఈ రైళ్ళు ఇప్పటికే సేవలందిస్తున్నాయి. ప్రతిపాదిత మెట్రో స్టేషన్ల స్థలాలను వీటికి పోటీగా గాక, పూరకంగా నిర్ణయించవలసి ఉంటుంది.

మేడ్చల్ రైలు మార్గం నగర శివారుకు పరిమితమైనది కాదు. నిజామాబాద్, ముద్ఖేడ్ మీదుగా ఆదిలాబాద్ చేరే రైళ్ళు ఈ మార్గంలోనే నడుస్తాయి. మేడ్చల్ దాటిన తరువాత వచ్చే మనోహరాబాద్ నుండి గజ్వేల్, సిద్ధిపేట, సిరిసిల్ల, వేములవాడ మీదుగా కరీంనగర్ సమీపంలోని కొత్తపల్లి వరకు సుమారు 151 కిలోమీటర్ల కొత్త మార్గం చేపట్టారు. 2016 ఆగస్టు 7న దీనికి ప్రధానమంత్రి శంకుస్థాపన చేయగా, 2023 అక్టోబరు 3న సిద్ధిపేటకు ప్రయాణికుల రైలు ప్రారంభమైంది. ఈ మార్గానికి రాష్ట్రం భూమిని ఉచితంగా సమకూర్చడంతో పాటు వ్యయంలో మూడవ వంతు భరిస్తున్నది. ఇది కొత్తపల్లి వరకు పూర్తయిన నాడు కరీంనగర్ రైళ్ళు కూడా మేడ్చల్ మీదుగానే రాజధానికి చేరతాయి. అప్పుడు రెండు జిల్లాల రైలు ప్రయాణికులకూ మేడ్చల్ ఉమ్మడి కూడలి అవుతుంది. మేడ్చల్‌లో రైల్వే స్టేషను, మెట్రో స్టేషను ఎంత దగ్గరగా ఉంటే అంత ప్రయోజనం.

జిల్లా కేంద్రాలకు లైట్ రైలు – ఒక పరిశీలన

మెట్రో ప్రస్తావన వచ్చినప్పుడల్లా కరీంనగర్ వంటి పెరుగుతున్న నగరాలలోనూ ఇటువంటి సౌకర్యం సాధ్యమా అన్న ప్రశ్న సహజంగా ఎదురవుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం కరీంనగర్ నగర జనాభా సుమారు 2.61 లక్షలు, ఆదిలాబాద్ పట్టణ జనాభా సుమారు 1.17 లక్షలు. కేంద్ర ప్రభుత్వ 2017 మెట్రో రైలు విధానం ప్రకారం ఏ నగరమైనా ముందుగా సమగ్ర రవాణా ప్రణాళిక రూపొందించుకొని, బస్సు, లైట్ రైలు, మెట్రో వంటి ప్రత్యామ్నాయాలను పోల్చి చూపిన తరువాతనే మెట్రోను కోరవలసి ఉంటుంది. ఆర్థిక ప్రయోజన రేటు 14 శాతానికి తగ్గరాదన్నది మరో నిబంధన.

చిన్న నగరాల కోసం కేంద్రం 2019లో ‘మెట్రోలైట్’, 2020లో ‘మెట్రో నియో’ ప్రమాణాలను ప్రకటించింది. మెట్రోలైట్ రద్దీ వేళలో ఒక దిశలో గంటకు 15,000 మంది వరకు, మెట్రో నియో 8,000 మంది వరకు ప్రయాణించే మార్గాలకు ఉద్దేశించినవి. మెట్రో నియోలో పట్టాలకు బదులు రబ్బరు చక్రాల వాహనాలు విద్యుత్ తీగల ఆధారంతో నడుస్తాయి. ఉత్తర తెలంగాణలో వరంగల్ నగరానికి ఈ తరహా ప్రతిపాదన గతంలో పరిశీలనకు వచ్చింది. జిల్లా కేంద్రాలకు సంబంధించినంతవరకు తొలి మెట్టు రవాణా ప్రణాళిక, బస్సుల పెంపు, భవిష్యత్ మార్గాలకు రోడ్డు మధ్య స్థలం కేటాయింపు మాత్రమే. శామీర్‌పేట, కొంపల్లి అనుభవం చెప్పేది కూడా ఇదే. ఊరు పెరిగిన తరువాత స్థలం వెదకడం కంటే పెరగకముందే కేటాయించడం తక్కువ ఖర్చుతో కూడిన పని.

తేల్చవలసిన అంశాలు

ఉత్తర మార్గాల వల్ల జిల్లాల ప్రయాణికులకు పూర్తి ప్రయోజనం కలగాలంటే ప్రణాళిక దశలోనే ఈ దిగువ అంశాలపై స్పష్టత అవసరం.

1. దూర ప్రాంత బస్సులు ఎక్కడ ఆగాలి: ఆర్టీసీ బస్సులన్నీ జేబీఎస్ వరకు రావాలా, కొన్నింటిని శామీర్‌పేట, మేడ్చల్ వద్ద నిలపాలా అన్నది మొదటి ప్రశ్న. అక్కడ నిలపదలచినచో మెట్రో స్టేషనుకు ఆనుకొని బస్సు ప్రాంగణానికి ఇప్పుడే స్థలం కేటాయించాలి.

2. ఛార్జీల భారం: 2023 డిసెంబరు 9న ప్రారంభమైన మహాలక్ష్మి పథకం కింద పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మహిళలు ఉచితంగా ప్రయాణిస్తున్నారు. కరీంనగర్ నుండి జేబీఎస్ వరకు ఉచితంగా వచ్చే మహిళను శామీర్‌పేటలో దింపి మెట్రో టిక్కెట్టు కొనవలసిందిగా కోరినచో ఆమెపై కొత్త భారం పడుతుంది. ఉమ్మడి టిక్కెట్టు విధానంలో ఈ అంశాన్ని చేర్చవలసి ఉంటుంది.

3. వృద్ధులు, రోగులు: నిమ్స్, గాంధీ, ఉస్మానియా ఆసుపత్రులకు వచ్చే వారు సామానుతో, తోడుతో ప్రయాణిస్తారు. బస్సు దిగిన చోటు నుండి ప్లాట్‌ఫారం వరకు లిఫ్టు, ఎస్కలేటరు, నీడ గల నడకదారి వీరికి అత్యవసరం.

4. నిర్మాణ కాలపు ఏర్పాట్లు: రెండు ప్రధాన రహదారులపై ఏకకాలంలో పనులు జరిగితే జిల్లాల నుండి వచ్చే అంబులెన్సులకు, బస్సులకు ప్రత్యామ్నాయ దారులు ముందుగానే నిర్ణయించి, జిల్లాలలో కూడా ప్రచారం చేయాలి.

5. ఆస్తుల సేకరణ: పాతబస్తీ అనుభవం దృష్ట్యా పరిహారం, పునరావాసం పనుల ప్రారంభానికి ముందే తేలడం మేలు.

ముఖ్యాంశాలు

జేబీఎస్–శామీర్‌పేట: 22 కి.మీ., రూ. 5,465 కోట్లు. జేబీఎస్–మేడ్చల్: 24.5 కి.మీ., రూ. 6,946 కోట్లు. నివేదికల తయారీకి ఆదేశం: 2025 జనవరి. కేంద్రానికి సమర్పణ: 2025 జూన్. కూడలి: జేబీఎస్, పరేడ్ గ్రౌండ్స్.

నగర శివారు మెట్రోను శివారు వాసుల అవసరంగా మాత్రమే చూడడం పరిపాటి. కాని జేబీఎస్ వద్ద తెల్లవారుజామున బస్సు దిగే వారిలో శివారు వాసులు తక్కువ, జిల్లాల వారు ఎక్కువ. స్టేషన్ల స్థలాలు, బస్సు ప్రాంగణాలు, ఛార్జీలు నిర్ణయించే సమావేశాలలో కరీంనగర్, ఆదిలాబాద్ ప్రయాణికుల అవసరాలు కూడా లెక్కలోకి వచ్చినప్పుడే ఈ రూ. 12,411 కోట్ల ప్రతిపాదన రాజధానితో పాటు ఉత్తర తెలంగాణకు కూడా చెందినదవుతుంది.